నాలుగో మడి మీద స్టారు

మొక్క పూయకపోతే తిట్టడానికి మనుషుల కరువుండదు. ముందు నీళ్లు పెట్టినవాణ్ణి తిడతాం, తర్వాత ఎరువు వేసినవాణ్ణి, ఆ తర్వాత మొక్క అమ్మినవాణ్ణి. ఎవరూ దొరక్కపోతే వాతావరణం ఉండనే ఉంది, అది ఎదురు చెప్పదు. నర్సరీలో ఉద్యోగం చేసిన ఇన్నేళ్లలో తన తప్పు తానే కాగితం మీద రాసుకున్న టెక్నికల్ ఆఫీసరును ఒక్కరినే చూశాను. ఆవిడ కూడా దారులన్నీ మూసుకుపోయాకే రాసింది. ఆవిడ ఎవరో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను కాబట్టి పరువు సంగతి కాసేపు పక్కన పెడుతున్నాను.

నేను బాటనీలో ఎమ్మెస్సీ చేశాను. రాజమండ్రిలో కొన్నేళ్లు ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ కాలేజీ మూతపడ్డాక కడియం దగ్గర ఒక పెద్ద నర్సరీలో చేరాను. అక్కడ పనివాళ్లు అమ్మగారూ అనేవాళ్లు, యజమాని మేడం గారూ అనేవారు. నేను లేనప్పుడు ఏమనేవాళ్లో రిటైరయ్యాక తెలిసింది. పాఠాలమ్మ అట. కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది గానీ, పేరు సరిగ్గానే పెట్టారు. నలుగురు కూర్చుని టీ తాగుతుంటే ఐదో మనిషిగా వెళ్లి కిరణజన్య సంయోగక్రియ మొదలుపెట్టే రకం నేను.

చలికాలంలో మా నర్సరీకి చామంతే పెద్ద పంట. చీకటి పడ్డాక హైవే మీద వెళ్లేవాళ్లకు మా మడులు తిరనాళ్లలా కనిపిస్తాయి. మడుల మీద తీగలు లాగి, వరసగా బల్బులు వేలాడదీసి, రాత్రి కొన్ని గంటలు వెలిగిస్తాం. కార్లాపి ఫోటోలు దిగుతారు జనం, అలంకారం అనుకుని. నిజానికి అది మొక్కల్ని మోసం చేసే ఏర్పాటు. చామంతి రాత్రులు పొడుగైతేనే పూస్తుంది. నాటిన వెంటనే పూయనిస్తే జానెడు మొక్కకు నాలుగు పూలొస్తాయి, ఎవరూ కొనరు. అందుకని మొక్క గుబురయ్యేదాకా రాత్రి మధ్యలో లైట్లు వేసి, ఇంకా పొట్టి రాత్రులే నడుస్తున్నాయని నమ్మిస్తాం. పూలు కావలసిన రోజుకు రెండు నెలలకు పైగా ముందు లైట్లు ఆపేస్తాం. అప్పటి నుంచి మొక్క పూల పనిలో పడుతుంది.

ఈ ఆపడం, వెయ్యడం వెనక ఉన్న శాస్త్రాన్ని నేను ఏటా కుండీల షెడ్డులో కూర్చోబెట్టి అందరికీ చెప్పేదాన్ని. మొక్క కొనలో పువ్వు కట్టే జీన్లు పుట్టినప్పటి నుంచీ ఉంటాయి, కానీ నిద్రలో ఉంటాయి. వాటిని లేపే కబురు ఆకు నుంచి రావాలి. రాత్రి ఎంత పొడుగుందో కొలిచేది ఆకే. ముఖ్యంగా ఎర్రకాంతిని పసిగట్టే ప్రోటీనొకటి ఆకులో కాపలా ఉంటుంది. రాత్రి మధ్యలో వెలుతురు తగిలితే ఆకు లెక్క చెడిపోతుంది, పూయొద్దని కబురు పంపుతుంది. చాలినంత పొడుగు చీకటి వరసగా కొన్నాళ్లు దొరికితే, ఆకులో ఒక జీన్ మేలుకుని ఫ్లోరిజెన్ అనే ప్రోటీన్ తయారు చేస్తుంది. అది ఆకు ఈనెల్లోంచి ప్రయాణం చేసి కొనకు చేరి, అక్కడ తన కోసం కాచుకున్న మరో ప్రోటీన్‌తో జతకట్టి, పూల జీన్లను ఒక్కొక్కటిగా లేపుతుంది. ఆకులు మొలవాల్సిన చోట మొగ్గ మొదలవుతుంది.

ఆ ఏడు ఈ పాఠం అయ్యాక ఆడవాళ్ల ముఠాకి మేస్త్రీగా ఉన్న ఆవిడ ఒక ప్రశ్న వేసింది. ఆవిడా నేనూ ఒకే లూథరన్ చర్చికి వెళ్తాం. చర్చిలో ప్రసంగం మధ్యలో నిద్రపోతుంది గానీ నా పాఠంలో మాత్రం ఎప్పుడూ పోలేదు.

"కొన సొంతంగా ఏదీ చూడదా అండీ?"

చూడదమ్మా, కొనకు కళ్లు లేవు, ఆకు చెప్పింది నమ్ముతుంది అన్నాను.

"తప్పుడు కబురొస్తేనండీ?"

తప్పుడుదైనా నమ్ముతుంది అన్నాను. ఆ జవాబు నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు నాకు తెలియదు.

ఇక లైట్లు చూసే ఆయన. నాకంటే రెండేళ్లు చిన్న. మా దగ్గరికి రాకముందు మండపేటలో రైస్ మిల్లులో మోటార్లు చూసేవారు. మిల్లులో మోటారు వేసినా, ఆపినా, కరెంటు పోయినా, వచ్చినా రిజిస్టర్లో రాయాలట. ఆ అలవాటు మా నర్సరీకి కూడా తెచ్చుకున్నారు. ఆయన రాయనిదంటూ ఉండేది కాదు. "కరెంటు – పోయింది." "కరెంటు – వచ్చింది." "యజమాని గారు – వచ్చారు." ఒకసారి "పాము – వచ్చింది – వెళ్లింది" అని కూడా రాశారు, టైముతో సహా. ఆ పేజీ నేను అందరికీ చూపించి నవ్వాను. ప్రతి శనివారం ఆ రిజిస్టరు నా బల్ల మీదికి వచ్చేది. నేను పేజీ అడుగున సంతకం పెట్టి పంపేసేదాన్ని. పాము పేజీ తప్ప మరోటి చదివిన పాపాన పోలేదు.

ఆయనా భార్యా పంపుషెడ్డుకు ఆనుకుని ఉన్న గదిలో ఉండేవారు. తొమ్మిదేళ్లుగా అదే వాళ్ల ఇల్లు. గది ముందు ఆవిడ నాలుగు వంగ మొక్కలు, ఒక కనకాంబరం మడి వేసుకుంది.

ఆ ఏడు రాజమండ్రిలో కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు ప్రారంభానికి జనవరి నెలాఖరుకు మా నాలుగో మడి మొత్తం ఆర్డరు ఇచ్చారు. కుండీలన్నీ ఒకే రోజుకు విచ్చుకుని ఉండాలి. లెక్క కట్టి నవంబరు చివరి వారంలో నాలుగో మడి లైట్లు ఆపమని చెప్పాను. మిగతా మడుల్లో లేత మొక్కలు కాబట్టి అక్కడ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

ఆ వారమే మేస్త్రీ, ఆడవాళ్లూ వచ్చి షెడ్డులో క్రిస్మస్ స్టారు కట్టుకుంటామన్నారు. డిసెంబరు వస్తే పని మొదలుపెట్టే ముందు వాళ్లు అక్కడ పాట పాడుకుని ప్రార్థన చేసుకుంటారు. యజమాని హిందువైనా ఏనాడూ కాదనలేదు. నేను సరే అని ఊరుకుంటే సరిపోయేది. రేకుల కింద కడితే ఎవరికి కనిపిస్తుంది, రోడ్డు మీదికి కనిపించాలి అన్నాను. నాలుగో మడి మూల, పంపుషెడ్డు పక్కన, రెండు నిలువుల వెదురు పాతించి, నేనే దగ్గరుండి పెద్ద ఎర్ర కాగితం స్టారు కట్టించాను. లోపల మంచి కాంతి గల బల్బు పెట్టించాను. చర్చి వాళ్ల స్టారు కంటే మాదే బాగుందని మేస్త్రీ అంటే ఉబ్బిపోయాను కూడా.

లైట్లాయన వైరు లాగుతూ ఒక్క మాట అడిగారు.

"ఇక్కడేనాండీ?"

ఇక్కడేనండీ, సాయంత్రం ఆరింటికి వేసి పొద్దున్నే ఆపండి, నేను చెప్పేదాకా మానొద్దు అన్నాను. ఆయన ఒకసారి స్టారు వైపు, ఒకసారి చామంతుల వైపు చూసి తలూపారు. ఆ చూపును నేను భక్తి అనుకున్నాను. నేను రోజూ అయిదింటికే ఇంటికి వెళ్లిపోతాను కాబట్టి ఆ స్టారు వెలుగుతుంటే ఒక్కరోజు కూడా చూడలేదు. నాకది పగటిపూట వేలాడే ఎర్ర కాగితం, అంతే.

మూడు వారాలకు పైగా గడిచాక నాలుగో మడిలో మిరియపు గింజంత మొగ్గలు కనిపించాయి. ఒక పొద్దున్న యజమాని మడుల మధ్య నడుస్తూ ఫోను తీసి ఒక ఫోటో నాకు పంపారు. పంపుషెడ్డు మూలన కుండీలకు మొగ్గ జాడ లేదు, ఆకులు మాత్రం పచ్చగా, నిశ్చింతగా ఉన్నాయి. ఇదేంటండీ మేడం గారూ అని కింద రాశారు.

నాకు ఆ వారం మోకాలి నొప్పి. మడి దాకా వెళ్లి చూడడానికి బద్ధకించి, ఆ ఫోటోనే వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఆ మూలకే చివరి లైను బల్బులు వస్తాయి. స్విచ్చి పంపుషెడ్డులో ఉంది. ఇంకేముంది, లైను ఆపడం మర్చిపోయి ఉంటారు అనుకున్నాను. అనుకున్నది అనుకున్నట్టు రిపోర్టు రాశాను. రెండు పేజీలు. ఫ్లోరిజెన్‌కు ఒక పేరా మొత్తం ఇచ్చాను. చివర్లో "సంబంధిత ఉద్యోగి అజాగ్రత్త వల్ల" అని ముగించాను. చాలా రోజుల తర్వాత ఇంత బాగా రాశానని సంతోషించి, ఒక కాపీ నా ఫైల్లో కూడా పెట్టుకున్నాను.

యజమాని మంచివారే, కానీ ఆర్డరు పోతుందన్న భయంలో ఉన్నారు. "మీరు రాశారు కాబట్టి నమ్ముతున్నానండి," అన్నారు. కొత్త ఏడు వచ్చేలోపు లైట్లాయన్ని మాన్పించేస్తాననీ, గది కూడా ఖాళీ చేయమంటాననీ చెప్పారు. నేను అంత దూరం అనుకోలేదు. మందలిస్తారులే అనుకున్నాను. అయినా ఆ మాట పైకి అనలేదు. అంటే నా రిపోర్టు నేనే పలచన చేసుకున్నట్టవుతుందని ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ సాయంత్రం లైట్లాయన నా ల్యాబు గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో రిజిస్టరు. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, చూడండమ్మగారూ అన్నారు. నేను చెప్పిన జవాబు, ఆఫీసుల్లో పనిచేయబోయే మీరంతా జాగ్రత్తగా వినండి. "ఇప్పుడు చూసి ఏం లాభమండీ, రిపోర్టు వెళ్లిపోయింది కదా" అన్నాను. ఆయన రిజిస్టరు అక్కడే వదిలేసి వెళ్లారు. నేను దాన్ని తెరవలేదు. దాని మీద నా కళ్లజోడు పెట్టె పెట్టుకున్నాను.

తొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి కదా అని యజమానికీ మనసొప్పలేదు. ఎల్లుండి పొద్దున్న ఇద్దరూ నా గదికి రండి, ఆ రిజిస్టరు కూడా తీసుకురండి, మీ ముందే మాట్లాడి తేల్చేద్దాం అన్నారు.

మర్నాడు మేస్త్రీ నా కోసం వచ్చింది. మోకాలు నొప్పయినా సరే ఒకసారి మడి దాకా రావాలంది. ఏంటమ్మా అంటే చెప్పదు. ఆవిడ వెనకే కుంటుకుంటూ వెళ్లాను. మడి గట్టు మీద తిరగేసిన పెట్టె ఒకటి వేసి నన్ను దాని మీద ఎక్కించింది, పడిపోకుండా రెక్క పట్టుకుని.

"లైను ఆపకపోతే మొగ్గల్లేని చోటు బారుగా ఉండాలి కదండీ. ఇది గుండ్రంగా ఉందేంటండీ?"

పైనుంచి చూస్తే పళ్లెం బోర్లించి గీత గీసినట్టుంది. గీత బయట ప్రతి కొమ్మకీ మొగ్గలు. లోపల రెండొందల పైచిలుకు కుండీలకు ఒక్కటి లేదు. ఆ గుండ్రానికి సరిగ్గా నడిమధ్య వెదురు గుంజ. నేను మెల్లగా తలెత్తాను. ఎర్ర స్టారు గాలికి కొంచెం తిరుగుతోంది.

ఎర్ర కాంతి అన్నింటికంటే గట్టిగా పనిచేస్తుందని షెడ్డులో ఇరవై మందికి పాఠం చెప్పినదాన్ని నేను. చామంతి ఆకుకు పండగ తెలియదు, భక్తి తెలియదు. రాత్రంతా ఎర్ర వెలుతురు తగులుతుంటే, ఇంకా టైముంది, పూయొద్దు అని కొనకు కబురు పంపింది. ఆ మొక్క అక్షరాలా నా పాఠం ప్రకారమే నడుచుకుంది. నా క్లాసులో అంత శ్రద్ధగల విద్యార్థి మరొకరు లేరు.

అప్పుడు నేను చేసిన పని చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. మేస్త్రీని పని మీదికి పంపేసి, స్టారును దింపించి ల్యాబుకు తెప్పించుకున్నాను. తలుపు వేసుకుని, నా పెన్నుతో దాని ఒక మూల చింపాను. తర్వాత మేస్త్రీని పిలిచి, కాగితం చిరిగిపోయిందమ్మా, కొత్తది తెప్పించి వేరే చోట కడదాం అన్నాను. ఆవిడ చిరుగును వేలితో తడిమి చూసింది. అంచున నీలం ఇంకు ఉంది. పండగ అయిదు రోజుల్లో ఉందండి అని మాత్రం అని వెళ్లిపోయింది.

కాసేపటికి లైట్లాయన వచ్చి, ఇవాళ్టివి రాయాలి, రిజిస్టరు ఒక్క నిమిషం ఇవ్వండి అన్నారు. కళ్లజోడు పెట్టె తీసి ఇచ్చాను. నిలబడే రెండు మూడు లైన్లు రాసి, మళ్లీ అదే చోట పెట్టి, పెట్టెను కూడా మీద పెట్టి వెళ్లారు. ఉద్యోగం పోతుందని తెలిసిన మనిషి కూడా ఆ రోజు మోటారు ఎప్పుడు ఆపారో రాసుకోవాలా అనుకున్నాను. మనసులో ఏదో గుచ్చుకుంది గానీ, అప్పటికి నా పరువే నాకు పెద్దదిగా కనిపిస్తోంది.

నా లెక్క ఇది. స్టారు పోయింది. కాబట్టి ఇక మొగ్గలొస్తాయి. ఆయన్ని క్షమించి వదిలేయమని యజమానికి నేనే సిఫారసు చేస్తాను. ఆయనకు ఉద్యోగం మిగులుతుంది, నాకు దయగల మనిషినన్న పేరు మిగులుతుంది. పాపం ఎవరిదో ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్న యజమాని గదిలో ముగ్గురం ఉన్నాం. లైట్లాయన నిలబడ్డారు, నేను కుర్చీలో కూర్చున్నాను. యజమాని జేబులు తడుముకుని, కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది, రిజిస్టరు మీరే చదవండి మేడం గారూ అన్నారు.

అప్పుడు మొదటిసారి ఆ పేజీలు తెరిచాను. లైట్లు ఆపమన్న రోజు దగ్గరికి వెళ్లాను. "నాలుగో మడి, అన్ని లైన్లు – ఆఫ్." చదివాను. దాని కింద అదే గుండ్రటి అక్షరాల్లో మరో లైను ఉంది. "నాలుగో మడి మీద స్టారు – ఆరింటికి – ఆన్." మర్నాడు కూడా. ఆ మర్నాడు కూడా. ఇరవై రోజులకు పైగా, ఒక్కరోజు తప్పకుండా. ప్రతి శనివారం కింద నా సంతకం, కింద గీతతో సహా.

ఆ లైన్లు వదిలేసి మిగతావి చదివాను. మోటారు ఆన్, మోటారు ఆఫ్, కరెంటు పోయింది, వచ్చింది. మంచి పాఠకురాలినే కాబట్టి ఎక్కడా తడబడలేదు. ఆయనకు ఆ రిజిస్టరు కంఠతా వచ్చని నాకు తెలుసు. నేను ఒక్కో లైను దాటేస్తున్నప్పుడు ఆయన నేల చూపులు చూస్తున్నారే గానీ, మేడం గారు మధ్యలో వదిలేస్తున్నారండి అని అనలేదు.

చదవడం అయ్యాక నేను క్షమాపణ సిఫారసు మొదలుపెట్టేలోపే యజమాని బల్ల మీద చేయి వేసి ఆయన వైపు తిరిగారు.

"లైను ఆపినట్టు రాసుకున్నావు. మొక్క చూస్తే ఆపలేదంటోంది. మొక్క అబద్ధం చెప్పదు కదా. అంటే ఇన్నేళ్లూ ఈ పుస్తకంలో రాసిందంతా దొంగరాతేనా?"

ఆ మాటకు ఆయన మొహం చూశాను. ఉద్యోగం పోతుందన్నప్పుడు కూడా ఆయన మొహం అలా లేదు. అజాగ్రత్త అన్న నింద ఆయన మోసుకుపోగలరు. పాము వచ్చిన టైము కూడా సరిగ్గా రాసిన మనిషిని దొంగరాతలవాడంటే ఎలా మోస్తారు? నేను దాటేసిన లైన్లే ఆయన్ని దొంగను చేశాయి.

"ఆగండి. నేను కొన్ని లైన్లు చదవలేదు. మొదటి నుంచి చదువుతాను," అన్నాను.

చదివాను. స్టారు ఆన్, స్టారు ఆఫ్. ప్రతి రోజూ. ప్రతి శనివారం, కింద నా సంతకం ఉందండి అని కూడా పైకి చెప్పాను. చివరి పేజీకి వచ్చాను. ముందు రోజు నా ముందే నిలబడి రాసిన లైను అది. "స్టారు – మూడుంపావుకి – మేడం గారు దింపించారు." అదీ చదివాను. చిరుగు కూడా నాదేనని చెప్పాను. అది రిజిస్టర్లో లేదు, ఆ సమయానికి తలుపు వేసి ఉంది కాబట్టి.

యజమాని కాసేపు నన్ను చూశారు, కాసేపు ఆయన్ని చూశారు.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంటోయ్?"

"ఏదో ప్రయోగం అనుకున్నానండి. ఎర్ర లైటు పెడితే పూయదని మేడం గారే కదండీ చెప్పారు. ఇక్కడేనాండీ అని అడిగితే ఇక్కడే అన్నారండి. ఆయ్, పెద్ద చదువు కదా, కావాలనే పెట్టారేమో అనుకున్నాను."

రిపోర్టు రాసినప్పుడైనా ఒక్క మాట నాతో అనకూడదా అండీ అన్నాను. అనేటప్పుడు నా గొంతులో ఇంకా కొంచెం అధికారం మిగిలే ఉంది, ఎందుకో.

ఆయన నా వైపు తిరిగారు. కోపంగా చెప్పలేదు, మోటారు సంగతి చెప్పినట్టే చెప్పారు.

"మీరు అడగలేదండి. రాసేశారు."

నా ముప్పై ఏళ్ల పాఠాలన్నీ ఒక పక్కన పెడితే, ఆ ఒక్క మాట ఇంకో పక్కన సరిపోతుంది. కొనకు కళ్లు లేవు, వచ్చిన కబురే నమ్ముతుంది అని చెప్పినదాన్ని నేనే. మా యజమాని ఆ రెండు పేజీలు నమ్మి ఒక సంసారాన్ని వీధిలో పెట్టబోయారు. కబురు పంపిన ఆకును నేను. నాకైతే కళ్లున్నాయి, మోకాలు నొప్పన్న వంకతో వాటిని వాడలేదు.

యజమాని ఉన్నట్టుండి నవ్వారు. ఎంత నవ్వారంటే బయట కుండీలు మోస్తున్నవాళ్లు ఆగి చూశారు. తర్వాత నవ్వు తుడుచుకుని, ఈ కాగితాన్ని ఏం చేద్దామండీ మేడం గారూ అని నా రిపోర్టు చూపించారు. వెనక్కి ఇవ్వమన్నాను. అక్కడే కూర్చుని కొత్తది రాశాను. అయిదు లైన్లు. ఫ్లోరిజెన్ పేరెత్తలేదు. "అజాగ్రత్త" అన్న మాట మాత్రం అలాగే ఉంచి, దాని ముందు నా హోదా రాశాను.

బయటికొచ్చాక లైట్లాయన్ని క్షమించమని అడిగాను. పర్లేదండి అన్నారు. కానీ ఆ రోజు షెడ్డులో టీ నా పక్కన కూర్చుని తాగలేదు. వారం రోజులు తాగలేదు. అది ఆయన హక్కు అనుకున్నాను. కొంచెం ఏడ్చాను కూడా, ల్యాబులో తలుపు వేసుకుని. ఆ తలుపు ఆ మధ్య చాలా పనికొచ్చింది.

స్టారు సంగతి మిగిలింది. పండగ ముందు ఆడవాళ్ల స్టారు దింపించిన పాపం కూడా నాదే అయింది. ఆ సాయంత్రమే లైట్లాయన దాన్ని ల్యాబు నుంచి తీసుకెళ్లి, నేను చింపిన చోట నల్ల ఇన్సులేషన్ టేపు వేసి, చామంతులకు కనిపించకుండా గేటు బయట గోడకు కట్టారు. ఎర్ర స్టారుకు నల్ల టేపు. మేస్త్రీ దాన్ని చూసి, చర్చి వాళ్ల స్టారుకు ఇది లేదండి అంది. ఈసారి నేను ఉబ్బలేదు.

ఫంక్షన్ హాలుకు రెండొందల కుండీలు తక్కువ పడ్డాయి. యజమాని ఇంకో నర్సరీ నుంచి తెప్పించి సర్దారు. ఆ గుండ్రంలోని మొక్కలు మిగతావాటికంటే దాదాపు నాలుగు వారాలు ఆలస్యంగా, ఫిబ్రవరి చివర్లో పూశాయి. అంత నిండుగా పూసిన చామంతిని నేను అప్పటిదాకా చూడలేదు. ఎక్కువ రోజులు పెరిగాయి కదా మరి. కొనేవాళ్లు లేక, కొన్ని ఆడవాళ్లు ఇళ్లకు పట్టుకెళ్లారు, కొన్ని మా చర్చికి తీసుకెళ్లాం. ఇప్పుడేం పండగని ఇన్ని పూలమ్మా అని పాస్టరు గారు అడిగితే, మేస్త్రీ నా వైపు చూసి, మా అమ్మగారి పండగండి అంది. ఆయన నా పుట్టినరోజనుకుని ప్రార్థన చేశారు. నేను ఆమెన్ అన్నాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్న రెండేళ్లలో రిపోర్టు రాయాల్సి వచ్చినప్పుడల్లా, కాగితం తీసేముందు పంపుషెడ్డు దాకా నడిచి వెళ్లి అడిగేదాన్ని. సగం రిపోర్టులు రాయాల్సిన అవసరమే లేకుండా పోయింది. శనివారం రిజిస్టరు మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివి సంతకం పెట్టేదాన్ని. చదవడం మొదలుపెట్టాక తెలిసింది, అందులో నేను రోజూ ఎన్నింటికి వస్తున్నానో కూడా ఉందని.

రిటైరైన రోజు శాలువా కప్పారు, పూలదండ వేశారు. చామంతి దండే. నేను ఒక చిన్న పాఠం చెబుతుంటే యజమాని మర్యాదగా చప్పట్లు కొట్టి ఆపేశారు. అయిదింటికి గేటు దగ్గరికి వస్తుంటే లైట్లాయన రిజిస్టరు పట్టుకుని ఎదురొచ్చి, ఆఖరి సంతకం పెట్టమన్నారు. ఆ రోజు శనివారం కాదు. చదివాను. ఆ రోజు చివరి లైను: "మేడం గారు – అయిదింటికి – ఆఫ్."

నా కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. పాత నేనైతే ఆ మాట మీద రెండు పేజీలు రాసి ఉండేదాన్ని. ఈసారి అడిగాను. ఆఫ్ అని రాశారేంటండీ అన్నాను.

"పొద్దున్న ఆన్ అని రాశాను కదండీ మరి," అన్నారు ఆయన. తర్వాత కొంచెం ఆలోచించి, పెన్ను నా చేతికిచ్చి, "రేపొస్తే మళ్లీ రాస్తానండి," అన్నారు.

సంతకం పెట్టాను. మర్నాడు వెళ్లాను. రాశారు.